ఫ్లిప్ కీకి డూప్లికేట్: బ్లేడు సరే, చిప్ సంగతేంటి? క్లోనింగా, ప్రోగ్రామింగా?

కొత్తస్టీరింగ్

సెకండ్‌హ్యాండ్ కారు, ఒకటే కీ ఉంది. బ్లేడు మడిచే ఫ్లిప్ కీ, మీద లాక్, అన్‌లాక్, డిక్కీ బటన్లు. రెండోది చేయిద్దామని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఒకాయన “లేజర్ కట్ కీ, చిప్ క్లోన్ చేసిస్తా” అన్నాడు. ఇంకొకాయన “క్లోన్ వద్దండీ, ప్రోగ్రామింగే చేయించాలి, దానికి పిన్ కావాలి” అన్నాడు. మధ్యలో ట్రాన్స్‌పాండర్, ఇమ్మొబిలైజర్, బిట్టింగ్, ఆల్ కీస్ లాస్ట్ అనే మాటలు దొర్లాయి.

చూద్దామని చిప్ లేని ఉత్త కీ ఒకటి కోయించాను. డ్రైవర్ తలుపు తెరుచుకుంటోంది. ఇగ్నిషన్‌లో కాస్త బిగుతుగా అయినా తిరుగుతోంది. ఇంజన్ అందుకుంటుంది, రెండు సెకన్లలో ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డులో కీ బొమ్మ లైటు గబగబా వెలిగి ఆరుతోంది. పాత కీతో ఏ ఇబ్బందీ లేదు.

ఈ మాటలకు అసలు అర్థం ఏంటో, నేను ఏం అడిగి చేయించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కీబ్లాంక్

ఇంజన్ ఆగిపోవడానికి కోత కారణం కాదండీ. మీ చేతిలో ఉన్నది ఒకే ప్లాస్టిక్ కేసులో పెట్టిన మూడు వేర్వేరు వస్తువులు. బ్లేడు తాళాన్ని తిప్పుతుంది. చిప్ ఇంజన్‌కు అనుమతి తెస్తుంది. రిమోట్ తలుపులు తెరుస్తుంది. మూడూ విడివిడిగా చెడిపోతాయి, విడివిడిగానే కాపీ అవుతాయి. మీరు చేయించింది మొదటిది ఒక్కటే. చిప్ సంగతి వేరే ఎవరైనా చెబుతారు, నేను బ్లేడు వరకు చెబుతాను.

కోత పడని కీని బ్లాంక్ అంటారు. చేత్తో పట్టుకునే భాగం హెడ్. బ్లేడు మొదట్లో, లాక్ ముఖానికి ఆనే మెట్టు షోల్డర్. చివర టిప్. పక్కల పొడవునా ఉండే గాడి ఆకారం ప్రొఫైల్. ప్రొఫైల్ సరిపోకపోతే కీ రంధ్రంలోకే వెళ్లదు. ఆ రంధ్రాన్ని కీవే అంటారు.

లోపల తిరిగే ఇత్తడి లేదా జింకు ముక్క ప్లగ్, దాని చుట్టూ కదలకుండా ఉండేది హౌసింగ్. ఇళ్ల తాళాల్లో ఎక్కువగా పిన్నులుంటాయి. కార్లలో ఎక్కువగా ఉండేవి వేఫర్లు. వేఫరంటే పల్చటి రేకు, మధ్యలో కిటికీలాంటి రంధ్రం, పక్కన చిన్న స్ప్రింగు. కీ లేనప్పుడు వేఫర్లు ప్లగ్ బయటికి పొడుచుకొచ్చి హౌసింగ్ గాడిలో ఇరుక్కుని ఉంటాయి. సరైన కీ వాటి కిటికీల్లోంచి దూరి ఒక్కొక్కదాన్నీ ప్లగ్ అంచుకు సమంగా లాగుతుంది. ఆ అంచునే షియర్ లైన్ అంటారు. ఒక్క వేఫర్ వెంట్రుకవాసి బయటికి ఉన్నా ప్లగ్ తిరగదు, లేదా మీరన్నట్టు బిగుతుగా తిరుగుతుంది.

ప్రతి వేఫర్‌కు ఎదురుగా కీ మీద ఎంత లోతు కోయాలో చెప్పే అంకెల వరుసే బిట్టింగ్. 7 స్థానాలు, 4 లోతులు ఉంటే కాగితం మీద 16,384 రకాలు వస్తాయి. కంపెనీ అన్నీ వాడదు. అన్ని కోతలూ ఒకే లోతైతే పనికిరాదు. బాగా లోతైన కోత పక్కనే బాగా పైకి ఉన్న కోత ఉంటే మధ్యలో వాలు పట్టదు, పక్క కోతను తినేస్తుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి తక్కువ. మీ బ్లేడు కోతే ఉన్న కారు ఇంకోటి ఎక్కడో ఉండటం వింతేమీ కాదు. దొంగను ఆపే భారమంతా చిప్ మీద పడటానికి అదొక కారణం.

లేజర్ కట్ అన్నది పేరు మాత్రమే, అందులో లేజర్ ఏమీ లేదు. మందపాటి బ్లేడు మీద ఎండ్‌మిల్ అనే, గిరగిరా తిరుగుతూ లోహాన్ని తొలిచే చిన్న కట్టర్‌తో పాములాంటి గాడి తవ్వుతారు. గాడి బ్లేడు మధ్యలో నడిస్తే ఇంటర్నల్ ట్రాక్, అంచుల వెంట నడిస్తే ఎక్స్‌టర్నల్ ట్రాక్. పళ్లున్న మామూలు కీలు కోసే మెషిన్ మీద ఇది రాదు.

కోసే పద్ధతులు రెండు. ఒకటి ట్రేసింగ్: పాత కీని ఒక బిగింపులో పెట్టి, దాని ఆకారాన్ని తడుముతూ కొత్తది కోయడం. రెండోది కోడ్ కట్: బిట్టింగ్ అంకెలు మెషిన్‌కిచ్చి ఫ్యాక్టరీ లోతులకే కోయడం. మీది పాత కారు, కీ అరిగి ఉంటుంది. ట్రేస్ చేస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది, దానికి మెషిన్ తేడా తోడవుతుంది. ఆ కాపీ నుంచి ఇంకో కాపీ తీస్తే ఇక అంతే. మీ బిగుతుకు నా అనుమానం ఇదే. కొత్త కారుతో కీల గుత్తికి ఒక చిన్న ట్యాగ్ వస్తుంది, దాని మీదుండేది కీ కోడ్. ఆ కోడ్ నేరుగా బిట్టింగ్ కాదు, పట్టికలో చూస్తే బిట్టింగ్ దొరుకుతుంది. ట్యాగ్ ఉంటే దాని ఫొటో ఎక్కడా పెట్టకండి. లేకపోతే “అరిగిన కీని గేజ్‌తో (కోతల లోతు కొలిచే పరికరంతో) చదివి, దగ్గరి ఫ్యాక్టరీ లోతుకు సరిచేసి కోయండి” అని అడగండి. పని తెలిసినవాడికి ఈ ఒక్క వాక్యం చాలు.

కోశాక ఇగ్నిషన్, డ్రైవర్ తలుపు, డిక్కీ, గ్లోవ్‌బాక్స్, అన్నింట్లోనూ తిప్పి చూడండి. ఒకదాంట్లో తిరిగిందని మిగతావాట్లో తిరుగుతుందనుకోవద్దు. అన్ని సిలిండర్లలో అన్ని స్థానాలకూ వేఫర్లుండవు. గ్లోవ్‌బాక్స్‌లో మూడు నాలుగే ఉండొచ్చు, కోతలో తేడా ఉన్నా అది తిరిగిపోవచ్చు. కొత్త కీ అంచుకు పట్టిన లోహపు పొరకలను బ్రష్‌తో తీయాలి. ఆకురాయితో రుద్దితే లోతే మారిపోతుంది.

రింగ్‌యాంటెన్నా

చిప్ సంగతి నేను చెబుతాను.

ఇగ్నిషన్ కీ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కింద ఒక రాగి తీగ చుట్ట ఉంటుంది. కీ ఆన్ చేయగానే అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లకు 134.2). కీ తలలోని ట్రాన్స్‌పాండర్, అంటే ఆ చిప్, ఆ క్షేత్రం నుంచే కరెంటు తీసుకుని జవాబిస్తుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. జవాబు సరిపోకపోతే ఇమ్మొబిలైజర్ (తెలియని కీతో ఇంజన్ నడవకుండా ఆపే వ్యవస్థ) ఇంజన్ ఈసీయూకి, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అనుమతివ్వదు. కొన్ని కార్లలో స్టార్టరే తిరగదు. కొన్నింట్లో మీ కారులాగా ఇంజన్ అందుకున్నాక ఇంధనం ఆపేస్తుంది. గబగబా వెలిగే ఆ కీ లైటు చెప్పేదిదే.

అంతకుముందు కాలంలో చిప్ స్థానంలో ఉత్త రెసిస్టర్ ఉండేది. 1986 షెవర్లే కార్వెట్ కారు కీ మీద పొదిగిన రెసిస్టర్ 15 విలువల్లో ఒకటి. పదిహేను కీలు చేయించుకున్నవాడికి అదొక అడ్డే కాదు. యూరప్‌లో 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ తప్పనిసరైంది.

చిప్‌లు రెండు జాతులు. ఫిక్స్‌డ్ కోడ్ చిప్ ఎప్పుడడిగినా ఒకే నంబరు చెబుతుంది. క్రిప్టో చిప్‌ను కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న అడుగుతుంది, చిప్ తన రహస్య సంఖ్యతో లెక్కగట్టి జవాబిస్తుంది. షాపుల్లో వినిపించే ఐడీ 46, ఐడీ 48, 4డీ అన్నవి క్రిప్టో రకాల పేర్లు. క్రిప్టో అంటే బద్దలవదని కాదు. 4డీ కుటుంబంలోని, 40 బిట్ల రహస్య సంఖ్య ఉండే డీఎస్‌టీ అనే చిప్‌ను 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు ఛేదించి చూపించారు.

ఇక మీ అసలు ప్రశ్న. క్లోనింగ్‌లో పాత చిప్‌లోని సమాచారాన్ని ఖాళీ చిప్‌లోకి ఎక్కిస్తారు. కారు దృష్టిలో రెండూ ఒకే కీ. కారును ముట్టుకోనక్కర్లేదు, పని త్వరగా అయిపోతుంది. చిక్కల్లా ఏంటంటే, ఆ రెండిట్లో ఒకటి పోతే దాన్ని మాత్రమే రద్దు చేయలేరు, రద్దు చేస్తే రెండూ పోతాయి.

ప్రోగ్రామింగ్‌లో స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్‌లు కారు కంప్యూటర్లతో మాట్లాడే సాకెట్‌కు) పరికరం తగిలించి, కొత్త చిప్‌ను కారు జ్ఞాపకంలో రాస్తారు. దీనికే పిన్, అంటే సెక్యూరిటీ కోడ్, కావాలి. సెకండ్‌హ్యాండ్ కారుకు నేనైతే ఇదే చెబుతాను. పాత యజమాని దగ్గర ఇంకో కీ ఉందో లేదో మీకు తెలియదు. ప్రోగ్రామింగప్పుడు “ఉన్న కీలన్నీ చెరిపి, ఈ రెండే రాయండి” అని అడగండి. చాలా కార్లలో పరికరం తెర మీద ఎన్ని కీలు నమోదై ఉన్నాయో కనిపిస్తుంది. పని మొదలవక ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఆ అంకె చూపించమనండి. ముందు 3 చూపిస్తే మూడో కీ ఎక్కడో ఉన్నట్టే. చెరిపిన కీ ఇంజన్‌ను లేపదు కానీ దాని బ్లేడు తలుపు తెరుస్తూనే ఉంటుంది, అది ఆపాలంటే సిలిండర్‌లో వేఫర్లు మార్చాలి. దాన్ని రీకీయింగ్ అంటారు.

మూడు జాగ్రత్తలు. చేతిలో ఉన్న కీలన్నీ తీసుకెళ్లండి, ఇంట్లో వదిలిన కీ చెరిగిపోయే వీలుంది. కారు బ్యాటరీ దిగి ఉంటే ముందు ఛార్జ్ చేయించండి, రాస్తుండగా వోల్టేజీ పడిపోతే మాడ్యూల్ (కీల సమాచారం ఉండే కంప్యూటర్ పెట్టె) మధ్యలో ఇరుక్కుంటుంది. వాడేసిన రిమోట్ చవగ్గా దొరికిందని కొనకండి. ఒక కారుకు నేర్పాక చాలా క్రిప్టో చిప్‌లు లాక్ అయిపోతాయి, ఇంకో కారు వాటిని ఒప్పుకోదు.

ఆల్ కీస్ లాస్ట్ అంటే పనిచేసే కీ ఒక్కటి కూడా లేని పరిస్థితి. అప్పుడు బిట్టింగ్‌ను సిలిండర్ నుంచి చదవాలి. పిన్‌ను కంపెనీ నుంచి తేవాలి, లేదా మాడ్యూల్ విప్పి అందులోని ఈప్రామ్ అనే మెమరీ చిప్ నుంచి తీయాలి. కొన్ని కార్లు కావాలనే ఆలస్యం చేస్తాయి. ఫోర్డ్ మోడళ్లలో 10 నిమిషాల నిరీక్షణ మామూలే. పని పెద్దది, పాడయ్యే చోట్లూ ఎక్కువ. మీకిప్పుడు ఒక కీ ఉంది కాబట్టి ఆ బెడద లేదు, కానీ ఆలస్యం చేయకండి. రిజిస్ట్రేషన్ కాగితం, గుర్తింపు కార్డు అడగకుండా పనిచేసేవాడి దగ్గర మాత్రం చేయించకండి.

కొత్తస్టీరింగ్

చాలా స్పష్టంగా ఉందండీ. ఒక సందేహం. కొత్త కీ ఇగ్నిషన్‌లో ఉండగా పాత కీ తలను దాని పక్కన ఆనించి పట్టుకుంటే ఇంజన్ ఆగకూడదు కదా? ఇంకోటి, పాత ఫ్లిప్ కీ కేసు పగిలింది. ఖాళీ కేసు కొనుక్కుని నేనే మార్చుకోవచ్చా?

రింగ్‌యాంటెన్నా

ఆగదు. ఇమ్మొబిలైజరే కారణమని తేల్చుకోవడానికి అదే మంచి పరీక్ష. పాత కీ తల, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగ చుట్టకు (రింగుకు) రెండు మూడు సెంటీమీటర్ల లోపల ఉండాలి. దీనికి వ్యతిరేకమూ జరుగుతుంది: రెండు చిప్ కీలు ఒకే గుత్తికి వేలాడుతుంటే రెండూ ఒకేసారి జవాబిచ్చి, కారు ఒక్కదాన్నీ చదవలేకపోవచ్చు. ఒక్కోసారి స్టార్టయి ఒక్కోసారి మొరాయిస్తుంటే ముందు గుత్తి విడదీసి చూడండి. చిప్‌ను రింగు పక్కనే శాశ్వతంగా అంటించేస్తే చాలు కదా అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే ఇక ఇమ్మొబిలైజర్ లేనట్టే.

కేసు మార్చుకోవచ్చు. అందరూ దెబ్బతినేది ఒక్కచోటే: చిప్ పాత కేసులోనే ఉండిపోవడం. కొన్ని కీల్లో చిప్ రిమోట్ బోర్డు మీదే ఉంటుంది, బోర్డుతో పాటే వచ్చేస్తుంది. కొన్నింట్లో వేరుగా, కేసు గోడలోని చిన్న అరలో, గోరంత నల్ల ముక్కగానో సన్నని గాజు గొట్టంగానో ఉంటుంది. బోర్డు మార్చి పాత కేసు పారేశాక తెలుస్తుంది కారు స్టార్టవదని. గాజు గొట్టాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, చిట్లితే పనైపోయింది. అరను కొద్దిగా వేడిచేసి మెల్లగా జారనివ్వండి. కొత్త కేసు పూర్తిగా బిగించి మూశాక కారు స్టార్టయ్యే దాకా పాతది పారేయొద్దు.

రిమోట్ బ్యాటరీ గురించి: మీద రాసున్న రకమే వేయండి. సీఆర్2032, సీఆర్2025 రెండూ 20 మిల్లీమీటర్ల వెడల్పే, మందం 3.2, 2.5. పల్చటిది వేస్తే స్ప్రింగు సరిగా తాకదు, బటన్ ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. రిమోట్ చచ్చిపోయినా బ్లేడు, చిప్ పనిచేస్తాయి. రిమోట్ ప్రతి నొక్కుకూ కోడ్ మారుస్తుంది, రోలింగ్ కోడ్ అనేది అందుకే. కారుకు దూరంగా ఉన్నప్పుడు పిల్లలు బటన్లు నొక్కుతూ ఆడితే లెక్క ముందుకు పోతుంది. కారు కొంతవరకు సర్దుకుంటుంది, మరీ దాటిపోతే రిమోట్‌ను మళ్లీ కలపాలి.

కీబ్లాంక్

బిగుతు గురించి చెప్పడం మర్చిపోయా. కొత్త కీ బిగుతుగా ఉందని బలవంతంగా తిప్పకండి. ముందు పాత కీతో పోల్చండి. పాతదీ బిగుసుకుంటుంటే లాక్‌లోనే దుమ్ముంది. గ్రాఫైట్ పొడి లేదా పొడిగా ఆరిపోయే టెఫ్లాన్ స్ప్రే కొద్దిగా కొట్టి, కీని పదిసార్లు పెట్టి తీసి, ప్రతిసారీ బ్లేడు తుడవండి. కుట్టుమిషన్ నూనె, గ్రీజు వద్దు.

పాతతాళాలు

నూనె అంటే అంత భయం అక్కర్లేదండీ. తలుపు సిలిండర్‌లో నీళ్లు దిగుతాయి. అక్కడ గ్రాఫైట్ ముద్దకట్టి అదే అడ్డంపడుతుంది. పల్చటి స్ప్రే కడిగి తీసేస్తుంది, నీటిని బయటికి తోస్తుంది. నేను తలుపుకు టెఫ్లాన్, ఇగ్నిషన్‌కు గ్రాఫైట్ అంటాను. ఎవరి మాట విన్నా సరే, రెండూ కలిపి మాత్రం కొట్టకండి. ముద్దైపోతే సిలిండర్ విప్పడమే దారి.

కీ అసలు తిరగకపోతే ముందు స్టీరింగ్ చూడండి. స్టీరింగ్ లాక్ పిన్ మీద చక్రాల ఒత్తిడి పడి ఉంటుంది. ఒక చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ కదుపుతూ రెండో చేత్తో కీ మెల్లగా తిప్పాలి. కీ తిరిగి లైట్లు వెలగకపోతే తప్పు సిలిండర్‌ది కాదు, దాని వెనకుండే ఇగ్నిషన్ స్విచ్‌ది కావచ్చు. ఇవి రెండు వేరే భాగాలు, ఒకటి పాడైతే రెండూ మార్చనక్కర్లేదు. ఆటోమేటిక్ కారులో కీ బయటికి రాకపోతే గేర్ నిజంగా పీ (పార్క్)లో పడిందో లేదో చూడండి. అక్కడ కీని పట్టి ఉంచే ఇంటర్‌లాక్ ఉంటుంది.

కీ లోపల విరిగితే: తిరిగి ఉన్న ప్లగ్‌ను కీ పెట్టి తీసే స్థానానికి తేవాలి, లేకపోతే వేఫర్లు ముక్కను వదలవు. తర్వాత సన్నని కొక్కెం ఉన్న ఎక్స్‌ట్రాక్టర్‌ను కోతల పక్కన దూర్చి పళ్లకు తగిలించి లాగాలి. కీకి జిగురు పూసి అంటించి లాగుదామనుకుంటే ముక్కకు బదులు వేఫర్లు అతుక్కుంటాయి. ముక్క పారేయకండి, రెండు ముక్కలూ ఉంటే బిట్టింగ్ చదవొచ్చు.

బటన్‌స్టార్ట్

మధ్యలో దూరుతున్నా. కీ పెట్టే రంధ్రమే లేని స్మార్ట్ కీకి ఇవన్నీ వర్తిస్తాయా? బ్యాటరీ అయిపోతే లోపలికెలా వెళ్లాలి? లోపల మనుషులుండగా లాక్ చేస్తే వాళ్లు తలుపు తీసుకోలేరని విన్నాను, నిజమేనా?

రింగ్‌యాంటెన్నా

రంధ్రం ఉంటుంది, దాస్తారు. కీ కేసులో ఒక మీట నొక్కితే సన్నని బ్లేడు బయటికొస్తుంది. డ్రైవర్ తలుపు హ్యాండిల్ చివర మూత తీస్తే కీవే కనిపిస్తుంది. లోపలికెళ్లాక కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి, లేదా కప్ హోల్డర్ దగ్గరో కన్సోల్‌లోనో కీ బొమ్మ గుర్తున్న చోట పెట్టండి. అక్కడున్న చుట్ట బ్యాటరీ లేకుండానే చిప్‌ను చదువుతుంది. ఏ చోటో మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి. ఆ బ్లేడును ఏడాదికోసారైనా తలుపులో తిప్పుతుండండి. వాడని సిలిండర్ అవసరమొచ్చిన రోజే బిగుసుకుంటుంది.

స్మార్ట్ కీ బలహీనత వేరే ఉంది. కారు 125 కిలోహెర్ట్జ్‌లో పిలుస్తుంది, కీ 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో పలుకుతుంది. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు ఇంటి గోడ దగ్గర నిలబడి ఆ పిలుపును మోసుకెళ్తే కీ పక్కనే ఉందని కారు నమ్ముతుంది. దీన్ని రిలే దాడి అంటారు. జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు 2011లో 10 మోడళ్ల మీద చేసి చూపించారు. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ఇక్కడ అడ్డుకోదు, ఎందుకంటే ఎవరూ కోడ్ విరగ్గొట్టడం లేదు, దూరాన్ని మాత్రమే మోసగిస్తున్నారు. కదలిక లేకపోతే నిద్రపోయే కీలు, యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్) రేడియోతో దూరాన్ని కొలిచే కీలు దానికి మందు. పాత కీ అయితే లోహపు పొర ఉన్న సంచి వాడండి. సంచిలో పెట్టి, కారు పక్కనే నిలబడి హ్యాండిల్ లాగి చూడండి. తెరుచుకుంటే సంచి పనికిరాదు.

పాతతాళాలు

లాక్ విషయం కొన్ని కార్లలో నిజమే. డెడ్‌లాక్ అంటారు, కొన్ని కంపెనీలు డబుల్ లాక్ అంటాయి. దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి లోపల పెట్టినా తలుపు తీయలేకుండా లోపలి హ్యాండిల్‌ను కూడా విడదీస్తుంది. మామూలుగా రిమోట్ లాక్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే పడుతుంది, కొన్నింట్లో ఒక్క నొక్కుకే పడుతుంది. మీ కారుకు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, బయట నిలబడి లాక్ చేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి లోపలి హ్యాండిల్ లాగండి. తలుపు తెరుచుకోకపోతే డెడ్‌లాక్ ఉన్నట్టే. చైల్డ్ లాక్ దీనికి సంబంధం లేనిది, అది వెనక తలుపుల అంచున చేత్తో జరిపే చిన్న మీట.